మౌస్ ఎవరి చేతిలో ఉంది?

గత విద్యా సంవత్సరం డిసెంబరులో పదకొండో తరగతికి కంప్యూటర్ సైన్స్ ప్రాక్టికల్ పరీక్ష పెట్టాను. ఒక్కొక్కరికి ఒక్కో కంప్యూటరు. రెండు పైథాన్ ప్రోగ్రాములు రాసి, నడిపించి, ఫలితం చూపించాలి. మూడో బ్యాచిలో ఒక అమ్మాయి ముందుగా తెల్లకాగితం మీద ప్రోగ్రాం రాసుకుంది. ఇచ్చిన సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది ఏదో కనిపెట్టే ప్రోగ్రాం అది. పక్కనుంచి వెళ్తూ చూశాను, ఒక్క తప్పు లేదు. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ అటు వెళ్తే తెర మీద రెండే లైన్లు ఉన్నాయి. ఆమె చూపుడువేలు కీబోర్డు మీద గాలిలో తిరుగుతోంది. ఏమైందమ్మా అని అడిగితే మెల్లగా అంది: "సార్, ఈ రెండు చుక్కలు రావడం లేదు. నొక్కితే కింద కామా ఉన్న చుక్కే వస్తోంది."

షిఫ్ట్ కీ పట్టుకుని నొక్కితే కోలన్ వస్తుందని ఆ పిల్లకు తెలియదు. ప్రోగ్రాం తెలుసు, కీబోర్డు తెలియదు.

ఆగస్టులో వాళ్ల నాన్నగారికి బదిలీ అయి వేరే రాష్ట్రం నుంచి వచ్చి మా దగ్గర చేరింది. అప్పటికే అందరికీ జతలు కుదిరిపోయాయి. ఒక కంప్యూటరు దగ్గర ఇద్దరబ్బాయిల పక్కన మూడో స్టూలు వేసి కూర్చోబెట్టాను. ఆ స్టూలు వేసింది నేనే. హాజరు పూర్తిగా ఉంది, రికార్డు పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది, ప్రశ్న అడిగితే జవాబు చెప్పేది. అయినా నాలుగు నెలల్లో ఆమె వేళ్లు కీబోర్డును తాకనే లేదన్న సంగతి నాకు పరీక్ష రోజున తెలిసింది.

ఈ పత్రిక తెలుగు విభాగానికి ఏదైనా రాయమని మా తెలుగు టీచరుగారు అడిగినప్పుడు 'కంప్యూటర్ల వల్ల లాభాలు, నష్టాలు' అని రాసి ఇచ్చేద్దామనుకున్నాను. అది ఎనిమిదో తరగతి పిల్లలు నాకన్నా బాగా రాస్తారు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. నలభై మంది పిల్లల్ని ల్యాబుకు తీసుకెళ్లి మళ్లీ తరగతికి చేర్చేలోపల అక్కడ ఏం జరుగుతుంది, ఏం జరగకుండా పోతుంది అన్నది. తోటి ఉపాధ్యాయులకు పనికొస్తుందనీ, ల్యాబులో కూర్చునే పిల్లలు కూడా చదువుతారనీ రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. మా తరగతిలో 42 మంది. స్టాకు రిజిస్టరు ప్రకారం ల్యాబులో 20 కంప్యూటర్లు, పనిచేసేవి 18. అంటే 12 కంప్యూటర్ల దగ్గర ఇద్దరేసి, 6 కంప్యూటర్ల దగ్గర ముగ్గురేసి. పీరియడ్ 40 నిమిషాలు. పై అంతస్తు నుంచి వరుసలో దిగి వచ్చి, గుమ్మం బయట బూట్లు విప్పేసరికి 6 నిమిషాలు. స్విచ్చులు వేసి, పాస్‌వర్డు కొట్టి, ఫైలు తెరిచేసరికి మరో 5. చివర్లో సేవ్ చేసి, కంప్యూటర్లు ఆపి, కుర్చీలు సర్ది లైను కట్టడానికి ఇంకో 5. మిగిలేది 24 నిమిషాలు. ఇద్దరుంటే తలా 12, ముగ్గురుంటే తలా 8. ఇది పంచితే వచ్చే లెక్క. పంచమని ఎవరూ చెప్పకపోతే ఒకరికి 24, మిగతావాళ్లకు సున్నా.

మన దేశంలో బడికి కంప్యూటరు రావడం కొత్తేమీ కాదు. 1984-85లోనే కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం పెట్టి, బ్రిటన్‌లో తయారైన బీబీసీ మైక్రో కంప్యూటర్లను కొన్ని బడులకు ఇచ్చింది. 2004 డిసెంబరులో 'ఐసీటీ ఎట్ స్కూల్స్' పథకం మొదలైంది. అప్పటినుంచి మన దృష్టి ఎక్కువగా ఎన్ని కంప్యూటర్లు వచ్చాయి, ఎంతమంది పిల్లలకు ఒకటి ఉంది అన్నదాని మీదే. అది అవసరమే. ఇద్దరికి ఒకటి అని ఫారంలో నింపగానే ఇద్దరూ నేర్చుకుంటున్నారని మనం అనుకుంటాం. నేనూ అలాగే నింపాను.

పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తే వాళ్లే నేర్చుకుంటారని కొందరు వాదిస్తారు. 1999లో ఢిల్లీలోని కాల్కాజీలో సుగతా మిత్రా ఒక గోడకు రంధ్రం చేసి కంప్యూటరు పెట్టించిన ప్రయోగం గురించి చాలామంది వినే ఉంటారు. పక్క బస్తీ పిల్లలు ఎవరూ చెప్పకుండానే దానితో చాలా పనులు చేయడం నేర్చుకున్నారు, ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. అది నిజమే. ఆటలు, బొమ్మలు గీసే ప్రోగ్రాములతోనే ఎక్కువ కాలం గడిచిందన్న విమర్శ కూడా తర్వాత వచ్చింది. నాకు మాత్రం ఆ గోడ తలపుకొచ్చినప్పుడల్లా ముందు నిలబడ్డ పిల్లవాడి కంటే వాడి భుజాల వెనక నుంచి మునివేళ్ల మీద లేచి చూస్తున్న పిల్ల ఎవరా అనిపిస్తుంది. చూస్తూ కొంత నేర్చుకోవచ్చు. కోలన్ ఎక్కడుందో మాత్రం చూస్తే రాదు.

ఆ ఇద్దరబ్బాయిలు చెడ్డవాళ్లు కాదు. ఎప్పుడూ ఆ అమ్మాయిని కసిరింది లేదు. పిలిచి అడిగితే ఒకడు అన్నాడు: "తను చేస్తే లేటవుతుంది కదా సార్. మనమే ముందు చేసి చూపిస్తే మీరు గుడ్ అంటారు." ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. అవును, ప్రతి పీరియడ్‌లోనూ నేను గట్టిగా అడిగే మొదటి ప్రశ్న 'ఎవరిది అయిపోయింది?' అనే. ముందు చేతులెత్తినవాళ్లను మెచ్చుకునేవాణ్ణి. ముందు పూర్తి కావాలంటే వచ్చినవాడే చేయాలి, రానివాడు పక్కకు జరగాలి. ఆ పిల్లలు నేను నేర్పిందే చేశారు.

జనవరి నుంచి కొన్ని మార్పులు చేశాను. కొన్ని నిలబడ్డాయి, కొన్ని వారం తిరక్కుండానే పోయాయి.

మొదటిది, ల్యాబులోకి వెళ్లాక పాఠం చెప్పడం మానేశాను. తెర వెలుగుతుంటే పిల్లల కళ్లు మన మీద ఉండవు. పెద్దవాళ్లవీ ఉండవు, స్టాఫ్ మీటింగులో ఫోన్లు చూసుకునే మనకు ఆ సంగతి తెలిసిందే. ఆ రోజు చేయాల్సిన పని ముందు రోజే తరగతి గదిలో నల్లబల్ల మీద రాయిస్తాను. నోటు పుస్తకంలో ప్రోగ్రాం రాసుకున్నవాళ్లే లోపలికి. గుమ్మం దగ్గర బూట్లు విప్పే ఆ కాస్త సమయంలో 'ఇవాళ మనం ఏం చేస్తున్నాం?' అని ఇద్దరు ముగ్గురిని అడుగుతాను. మధ్యలో అందరికీ ఏదైనా చెప్పాల్సి వస్తే 'తెర ఆపండి' అంటాను. కంప్యూటరు ఆపనక్కర్లేదు, మానిటర్ బటన్ నొక్కితే చాలు. చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. రెండు నిమిషాలకు మించి మాట్లాడను.

రెండోది, బల్లలు. మా ల్యాబులో కంప్యూటర్లు తరగతి గదిలోలాగే వరుసలుగా ఉండేవి. ముందు నిలబడితే నాకు కనిపించేది మానిటర్ల వీపులు, వాటి మీద పిల్లల నుదుళ్లు. నేను ఒక వరుసలోకి వెళ్లేసరికి ఆ వరుసంతా 'ఆల్ట్', 'ట్యాబ్' కలిపి నొక్కేస్తారు. ఆట పోయి ప్రోగ్రాం వచ్చేస్తుంది. ఆ చప్పుడు నాకు కంఠతా వచ్చు. సెలవుల్లో ఎలక్ట్రీషియన్ సాయంతో బల్లల్ని మూడు గోడల పొడవునా జరిపించాం. పిల్లలు గోడవైపు తిరిగి కూర్చుంటారు, గది మధ్యన నిలబడితే 18 తెరలూ ఒక్క చుట్టులో కనిపిస్తాయి. వైర్లు గోడ వెంట పోవడం వల్ల కాళ్లకు తగలడం కూడా తప్పింది. డబ్బు ఖర్చు పెద్దగా లేదు, రెండు రోజుల ఒళ్లు నొప్పులు తప్ప. ఆటల బెడద సగం తగ్గింది. మిగిలిన సగం గురించి నేను పట్టించుకోవడం మానేశాను. ఇంటర్నెట్ పోగానే క్రోమ్ బ్రౌజరులో ఒక చిన్న డైనోసార్ ప్రత్యక్షమవుతుంది, స్పేస్ బార్ నొక్కితే పరుగెత్తుతుంది. మా ఊళ్లో నెట్ ఎంత తరచుగా పోతుందో తెలిస్తే ఆ డైనోసార్‌తో పిల్లల స్నేహం ఎంత గట్టిదో మీకు అర్థమవుతుంది. పని పూర్తి చేసినవాళ్లు రెండు నిమిషాలు ఆడుకుంటే నేను చూడనట్టే ఉంటాను.

మూడోది, అసలైనది. ప్రతి కంప్యూటరు దగ్గర ఒకరు 'చేయి', ఒకరు 'నోరు'. చేయి అయినవాళ్లే కీబోర్డు, మౌస్ ముట్టుకోవాలి. నోరు అయినవాళ్లు తెరను చూపించవచ్చు, చెప్పవచ్చు, వాదించవచ్చు, ముట్టుకోకూడదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇద్దరు ప్రోగ్రామర్లు ఒక కంప్యూటరు దగ్గర కూర్చుని వంతులవారీగా రాసే పద్ధతి ఉంది, దాన్ని పెయిర్ ప్రోగ్రామింగ్ అంటారు. నేను చేసింది దాన్ని మన బడికి తగ్గట్టు మార్చుకోవడమే. పోస్టాఫీసు కౌంటరు మీద ఉండే లాంటి బల్లగంట ఒకటి స్టేషనరీ కొట్లో కొన్నాను. పన్నెండు నిమిషాలకు గంట కొడతాను, కుర్చీలు మారతాయి. మౌస్ చేతులు మారితే చాలదు, మనుషులు లేచి కుర్చీ మారాల్సిందే. లేకపోతే సగం జతల్లో మౌస్ మర్యాదకు ఒక నిమిషం అటు వెళ్లి మళ్లీ ఇటు వచ్చేస్తుంది.

ముగ్గురున్న చోట మూడోవారు 'కాగితం'. ప్రోగ్రాం నడవనప్పుడు తెర మీద వచ్చే ఎర్ర అక్షరాల సందేశం ఏమిటి, ఏ లైనులో వచ్చింది, ఏం మారిస్తే పోయింది, ఇవి రాయాలి. ఎనిమిది నిమిషాలకోసారి ముగ్గురూ జరుగుతారు. ఇది ఊరికే కూర్చోబెట్టడానికి కల్పించిన పని అనుకున్నాను మొదట. నెల తిరిగేసరికి ఆ కాగితాలే మాకు పాఠ్యపుస్తకమయ్యాయి. ఎక్కువమంది చేసే తప్పులు మూడే మూడు: కోలన్ మరిచిపోవడం, లైను ముందు ఖాళీలు సరిగ్గా వదలకపోవడం, చిన్న అక్షరానికి పెద్ద అక్షరం కొట్టడం. ఇన్నేళ్లుగా చెబుతున్న నాకు ఆ లెక్క ముందు తెలియదు.

ఎవరు మొదట చేయి అవ్వాలి? వచ్చినవాళ్లు మొదట నోరు, అంతగా రానివాళ్లు మొదట చేయి. ఇది తిరగేస్తే మొత్తం చెడుతుంది. వచ్చినవాడు పన్నెండు నిమిషాల్లో పని ముగించేస్తాడు, రెండోవాడికి చేయడానికి ఏమీ మిగలదు. పైగా వచ్చినవాడికి నోటితో చెప్పడం ఎంత కష్టమో ఇందులోనే తెలుస్తుంది. 'అది కాదు, అక్కడ, అబ్బా, ఇటివ్వు' అనేదే వాళ్లకు మొదటి వారం వచ్చిన భాష. రెండో నెలకు 'నాలుగో లైను చివర కోలన్ పెట్టు, తర్వాతి లైను నాలుగు ఖాళీలు వదిలి మొదలుపెట్టు' అనడం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ బడుల్లో ఒక బల్ల దగ్గర తెలుగు, ఒడియా, తమిళం, హిందీ మాట్లాడే పిల్లలు కూర్చుంటారు. నోటితో చెప్పి చేయించడమంటే వాళ్లకు ప్రోగ్రాం ఒక్కటే కాదు, భాష కూడా వెతుక్కోవడమే.

ఈ నియమానికి అందరికంటే ఎక్కువ అడ్డొచ్చింది నేనే. ఎవరైనా చెయ్యెత్తి 'సార్, రావడం లేదు' అనగానే వెళ్లి, వంగి, మౌస్ అందుకుని, నాలుగు కీలు కొట్టి, 'చూశావా?' అని వెళ్లిపోవడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. వాళ్లు చూశారు, అంతే. ఇప్పుడు ల్యాబులో చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతాను. మా ప్యూను "సారు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరులా నడుస్తున్నారు" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గాని, చేతులు ముందుంటే మౌస్ దగ్గరికి వాటంతటవే పోతాయి.

'ఎవరిది అయిపోయింది?' అన్న ప్రశ్న కూడా మానేశాను. దాని బదులు పీరియడ్ చివర్లో ఏదో ఒక జత దగ్గర ఆగి, అప్పుడు నోరుగా ఉన్నవాళ్లను ఒక లైను చెరిపేసి మళ్లీ రాయమంటాను. ఎవరి వంతు వస్తుందో తెలియదు కాబట్టి పక్కవాడికి నేర్పించుకోవడం జతకు అవసరమవుతుంది. ఇంటి నుంచి తెచ్చే ప్రాజెక్టుల్లో ఎక్కడినుంచో ఎత్తి అతికించినవి ఎక్కువయ్యాయని అందరూ వాపోతుంటారు. నేను ఇదే చేస్తాను: ఒక లైను చెరిపి, మళ్లీ రాయమంటాను. రాసినవాళ్లు రాస్తారు.

తెలుగు విభాగం కాబట్టి తెలుగు టైపింగ్ గురించి కొంచెం. ఎనిమిదో తరగతి వాళ్లకు నెలకో పీరియడ్ మా తెలుగు టీచరుగారూ నేనూ కలిసి తీసుకుంటాం. భారతీయ భాషలకు ప్రామాణికంగా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. ఇంగ్లీషు 'కే' ఉన్న కీ నొక్కితే తెలుగులో 'క' వస్తుంది. భాష మారిస్తే అదే కీకి హిందీ 'క', ఒడియా 'క' వస్తాయి. వేర్వేరు భాషల పిల్లలున్న జతకు ఇది మంచి వింత. ఇక 'కర్త' అని కొట్టాలంటే క, ర, పొల్లు, త, అంతే నాలుగు కీలు. చేత్తో రాసేటప్పుడు ఒత్తు కింద పెట్టేసి ఊరుకునే పిల్లలు ఇక్కడ ఏ హల్లు ముందో, ఏది తర్వాతో చెప్పుకోవాల్సిందే. ఒకరోజు ఒక జత 'కృషి' దగ్గర పోట్లాడుకుంది. నోరుగా ఉన్న అబ్బాయి 'క, పొల్లు, ర, కొమ్ము' అని చెప్పాడు. తెర మీద 'క్రుషి' వచ్చింది. చేయిగా ఉన్న అమ్మాయి అది తప్పంది. 'కృ'కి క, వట్రసుడి, రెండే కీలు చాలు. నోటుబుక్కులో ఎర్ర సిరాతో ఎన్నిసార్లు దిద్దినా పోని తప్పు అక్కడ పోయిందని మా తెలుగు టీచరుగారు మురిసిపోయారు.

కరెంటు పోయిన రోజుల సంగతి. మా యూపీఎస్ బ్యాటరీలు ముసలివయ్యాయి. కరెంటు పోతే సేవ్ చేసుకోవడానికి రెండు నిమిషాలు ఇస్తాయి. అందుకే పిల్లలకు 'కంట్రోల్, ఎస్' అన్నది నమస్కారం కన్నా ముందు నేర్పుతాం. తర్వాత అందరం వరండాలోకి వెళ్తాం. 1967లో సీమూర్ పాపర్ట్, ఆయన సహచరులు కలిసి పిల్లల కోసం లోగో అనే భాష తయారుచేశారు. దాంతో తాబేలును నడిపిస్తూ బొమ్మలు గీయడం మన బడుల్లో చిన్న తరగతుల వాళ్లు నేర్చుకున్నదే. వరండాలో ఒకరు తాబేలు, ఒకరు నోరు. 'నాలుగుసార్లు: పది అడుగులు ముందుకు, తొంభై డిగ్రీలు కుడికి' అంటే చతురస్రం. తొంభై బదులు ఎనభై అంటే తాబేలు బయలుదేరిన చోటికి చేరదు, పక్కనున్న మొక్కల తొట్టిని గుద్దుకుంటుంది. పదకొండో తరగతి వాళ్లు కూడా ఇది సిగ్గు పడకుండా ఆడతారు.

కళ్ల మాట ఒక్క ముక్క: 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నయినా 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెబుతారు. మా గంట కొట్టినప్పుడు కుర్చీ మారే ముందు కిటికీలోంచి వేపచెట్టు వైపు చూడమంటాను. సగం మంది చూస్తారు.

నిలబడనివి కూడా చెప్పాలి. జతల్ని నెలనెలా మార్చాలనుకున్నాను, స్నేహాల గొడవల్లో అది రెండో నెలకే ఆగింది. తెలివైన పిల్లల్ని ల్యాబు లీడర్లుగా పెట్టి బ్యాడ్జీలిచ్చాను. వాళ్లు వారంలో నాలాగే తయారయ్యారు, వంగి మౌస్ లాక్కోవడం మొదలుపెట్టారు. బ్యాడ్జీలు వెనక్కి తీసుకున్నాను.

ఆ అమ్మాయికి పరీక్షలో కాగితం మీద రాసిన ప్రోగ్రాం చూసి మార్కులు వేశాను. సరైన పనో కాదో ఇప్పటికీ చెప్పలేను. మిగతావాళ్లకు అలా వేయలేదు కదా. ఆ తర్వాత మూడు వారాలు లంచ్ పీరియడ్‌లో ల్యాబు తాళం తీసి ఉంచాను. తనతో పాటు ఇంకో ఐదుగురు వచ్చారు. ఆ ఐదుగురి సంగతి కూడా నాకు అంతవరకు తెలియదు. వాళ్లలో నలుగురు మూడో స్టూలు వాళ్లే. ఇప్పుడు మధ్యలో చేరే పిల్లలకు మొదటి రెండు వారాలు ప్రతి పీరియడ్‌లోనూ వాళ్లే మొదటి చేయి అని నియమం పెట్టుకున్నాను.

ఆమె ఇప్పుడు పన్నెండులో ఉంది. టైపింగ్ ఇంకా నెమ్మదే, కోలన్ దగ్గర మాత్రం తడుముకోదు. మూలనున్న రెండు కంప్యూటర్లు ఇంకా బాగుపడలేదు, ముగ్గురేసి కూర్చునే బల్లలు ఇంకా ఆరు ఉన్నాయి. గంట కొట్టినప్పుడు ఎవరో ఒకరు 'ఒక్క నిమిషం సార్, అయిపోవచ్చింది' అంటూనే ఉంటారు. ఆ ఒక్క నిమిషం ఇవ్వను.